ఎవరేం కొన్నారో: ఖోబర్ పుస్తకాల షాపులో ఇరవై రెండేళ్లు

ఈమధ్య మా ఆర్మూరులో కొత్తగా పుస్తకాల షాపు పెట్టిన దంపతులు నా దగ్గరికి వచ్చారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పుస్తకాలు బాగా అమ్ముడవుతాయి సార్?" ఇరవై రెండేళ్లు సౌదీలో పుస్తకాలు అమ్మినవాడికి దీనికి జవాబు నాలుక చివర ఉండాలి. ఉంది కూడా. కానీ ఆ జవాబు ఒకసారి అడగ్గానే చెప్పి ఒక కుటుంబానికీ ఒక కుర్రవాడికీ నేను చేసిన పని గుర్తొచ్చి, వాళ్లకు టీ పోసి మాట మార్చాను. అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు బిల్లులు, లెక్కలు ఎవరైనా నేర్పుతారు. ఇది నేర్పేవాళ్లు తక్కువ.

ముందు బల్ల

మా షాపు అల్ ఖోబర్‌లో, అజీజియాలో ఉండేది. పెద్ద కంపెనీల షాపు కాదు. అబూ సాలెహ్ అనే ఆయన సొంతం. ఆయనే నా కఫీల్, అంటే నా వీసాకు బాధ్యుడు. అరబ్బీ పుస్తకాలు ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు, వెనక గోడకు ఇండియన్ స్కూలు పిల్లల పుస్తకాలు. నాకు పని నేర్పింది బషీర్ అనే సూడాన్ పెద్దమనిషి. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు.

తలుపు తీయగానే కనబడేలా ఒక బల్ల ఉండేది. దాని మీద "ఎక్కువగా అమ్ముడవుతున్నవి" అని మూడు భాషల్లో అట్ట. చేరిన కొత్తలో ఆ బల్ల సర్దే పని నాకిచ్చారు. నేను ఆ వారం బిల్లులన్నీ చూసి, నిజంగా ఎక్కువ అమ్ముడైనవి వరుసగా పేర్చాను. ఉస్తాద్ వచ్చి చూసి, ఒక్కొక్కటే తీసి లోపలికి పంపించాడు. వాటి చోట ఏడాదిగా కదలని వంటల పుస్తకాలు, ఎవరూ ముట్టని ఆరోగ్య పుస్తకాలు పెట్టాడు.

"ఇవి అమ్ముడుపోవడం లేదు కదా ఉస్తాద్?" అన్నాను.

"రేపటి నుంచి పోతాయి," అన్నాడు.

పోయాయి. వారంలో సగం ఖాళీ. జనం ఆ అట్ట చదివారు, పక్కవాడు కొంటున్నాడనుకున్నారు, కొన్నారు. ఆ రోజు నుంచి ఏ షాపులో అలాంటి బల్ల చూసినా నాకు నమ్మకం లేదు. మీరూ నమ్మకండి, మీ షాపులో మీరు పెట్టుకున్నదైనా సరే. అసలు అమ్మకం గోడ పక్క అరల్లో, కింది వరుసల్లో జరుగుతుంది. అక్కడ ఏది ఖాళీ అవుతోందో చూస్తే ఊళ్లో ఏం జరుగుతోందో పేపరు కంటే ముందు తెలుస్తుంది. ఇది గొప్ప విద్య అని నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే నన్ను ముంచింది.

ఒక్క మాట నేర్పమన్న మనిషి

నితాఖాత్ చట్టం వచ్చిన కొత్తలో ప్రతి కంపెనీకీ ఒక రంగు. ఎంతమంది సౌదీలను పనిలో పెట్టుకున్నారన్నదాన్ని బట్టి పచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో పనిచేసేవాడికి ఇఖామా అనే నివాస పర్మిట్ రెన్యువల్ ఉండదు. ఒకరి పేరు మీద వచ్చి ఇంకొకరి దగ్గర పనిచేసేవాళ్లను పట్టుకుంటున్నారని రోజూ కబుర్లు. చేతిలో ఫైలు పట్టుకుని తెల్ల తోబ్ వేసుకున్న మనిషి వీధిలోకి వస్తే, పక్క టైలరు షట్టరు దించేవాడు. ఆ మనిషి వచ్చింది కరెంటు బిల్లు కట్టడానికైనా సరే.

అప్పుడు కింది వరుసలో ఖాళీ అయింది ఏమిటంటే, అరబ్బీ మాట్లాడడం నేర్పే చిన్న పుస్తకం. హిందీలోనూ ఉర్దూలోనూ ఉండేది. ఒక మధ్యాహ్నం మా జగిత్యాల వైపు మనిషి, పెయింటింగ్ పనివాడు, దాన్ని అటూ ఇటూ తిరగేసి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, మీది మన దిక్కేనా? గీ బుక్కుల అన్నీ ఉన్నయ్ గని నాక్కావాల్సింది లేదు. 'నా కఫీల్ ఈయ్ననే' అని అరబ్బీల ఎట్లంటరే?"

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఎవరో నన్ను పరీక్షించడానికి పంపారేమో, నేను చెప్పగానే బయట నిలబడ్డవాడు లోపలికొస్తాడేమో అని. "నాకు తెల్వదు, బుక్కుల సూస్కో," అన్నాను. అతను కాసేపు నా మొహం చూసి పుస్తకం పెట్టేసి వెళ్లిపోయాడు. తెలియకపోవడం ఏమిటి, రెండే మాటలు. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో తెలియదు. ఆ రోజుల్లో మేమందరం అలాగే ఉన్నాం. తోటివాడికి రెండు మాటలు చెప్పడానికి భయపడి, దాన్ని జాగ్రత్త అనుకునేవాళ్లం.

మాజిద్

ఉస్తాద్ బషీర్ సూడాన్ వెళ్లిపోయాక షాపు దాదాపు నా చేతి మీదే నడిచింది. మా షాపు పచ్చలో ఉండాలంటే ఒక సౌదీ మనిషి కావాలి. అలా వచ్చాడు మాజిద్. ఇరవై అయిదేళ్లుంటాయి, డిగ్రీ చదివాడు, తండ్రి పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. మిగతా షాపుల్లో ఇలా వచ్చిన కుర్రవాళ్లు పొద్దున సంతకం పెట్టి వెళ్లిపోయేవాళ్లని అందరూ అనేవాళ్లు. ఇతను వెళ్లలేదు. అదే నాకు నచ్చలేదు. పనిచేయకపోతే వీడి వల్ల నాకు ఇబ్బంది లేదు. పనిచేస్తున్నాడంటే ఎందుకు చేస్తున్నాడు?

ఇంకొకటి. ఎప్పుడు చూసినా జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి ఏదో రాసుకునేవాడు. నేను దగ్గరికి వెళ్తే మూసేవాడు. నేను ఎవరితోనైనా హిందీలోనో తెలుగులోనో మాట్లాడుతుంటే పని ఆపి నా వైపు చూసేవాడు. నేను ఏం చేస్తున్నానో అబూ సాలెహ్‌కు చేరవేస్తున్నాడని తేల్చుకున్నాను. నేనూ ఊరుకోలేదు. ఏ సరుకు ఎక్కడ నుంచి తెప్పిస్తామో అడిగితే సగమే చెప్పేవాణ్ణి. స్కూళ్లు తెరిచే ముందు ఆర్డరు ఎప్పుడు పెట్టాలని అడిగితే ఒక నెల ఆలస్యం చేసి చెప్పాను. అతను తప్పు చేస్తే నా విలువ తెలుస్తుందని నా లెక్క. ఇవి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ దాస్తే ఈ రాత ఎందుకు?

అక్షరాలు దిద్దే పుస్తకం

తర్వాత లెవీ పన్ను వచ్చింది. అంతకుముందు కంపెనీల మీద ఉండేది, ఇప్పుడు కుటుంబం మీద. భార్యకింత, ఒక్కొక్క పిల్లకింత, ప్రతి నెలా, అది కూడా ఏటేటా పెరిగేలా. ఇంజినీర్ల ఇళ్లలో కూడా మాటలు మారిపోయాయి. భార్యాపిల్లల్ని పంపించి మగవాళ్లు ఒక్కరే గదుల్లో ఉండడం మొదలైంది.

మా వెనక గోడ అరల్లో ఒక మూల హైదరాబాదు నుంచి తెప్పించిన తెలుగు పుస్తకాలు కొన్ని ఉండేవి. చుక్కలు కలుపుతూ అక్షరాలు దిద్దే పుస్తకం ఏడాదికి పది పోతే గొప్ప. ఖోబర్‌లో పెరిగిన మన పిల్లలు స్కూల్లో రెండో భాషగా హిందీయో ఫ్రెంచో తీసుకునేవారు. లెవీ వచ్చిన మొదటి ఏడు ఆ పుస్తకాలు మూడు వారాల్లో అయిపోయాయి. మళ్లీ తెప్పించాను, మళ్లీ అయిపోయాయి. కారణం కనుక్కోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇండియా వెళ్లిపోయే పిల్లలకు అక్కడి స్కూల్లో తెలుగు తప్పదు. ఆ పుస్తకం కొన్న ఇల్లు ఒకటి రెండు నెలల్లో ఖాళీ అవుతుంది.

ఒక సాయంత్రం అసర్ నమాజుకు షట్టరు సగం దించాం. లోపల ఉన్నవాళ్లు లోపలే ఉండిపోయారు. వాళ్లలో సుజాత గారు ఒకరు. కాకినాడ మనిషి. ఆవిడ భర్త ప్రభాకర్ గారు దమ్మామ్‌లో ఆయిల్ సర్వీసు కంపెనీలో ఇంజినీరు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ మా షాపులో రంగు పెన్సిళ్లు కొంటూ పెరిగినవాళ్లే. ఆవిడ అక్షరాలు దిద్దే పుస్తకాలు మూడు తీసుకుని, వాటి మీద ఒక ఇంగ్లీషు కథల పుస్తకం పెట్టి తెచ్చారు. పైకి కనబడకూడదని.

"అన్నయ్యగారూ, మా పెద్దదానికి ఏడో తరగతండీ. అ ఆలు కూడా రావు," అన్నారు గొంతు తగ్గించి. "ఎలా నేర్పాలో ఏంటో."

"ఇంటికి వోతున్నరా అమ్మా?"

ఆవిడ షట్టరు వైపు చూశారు. "ఎవరితోనూ అనకండి. సెలవులకి వెళ్తున్నామనే చెప్తున్నాం అందరికీ. మావారి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారంట. ఫ్యామిలీ వెళ్లిపోయిందని తెలిస్తే, ఈయన కూడా ఎలాగూ పోయేవాడే కదా అని ముందు ఈయన పేరే రాస్తారని భయమండీ."

"నేనెందుకంటనమ్మా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ప్రభాకర్ గారు వచ్చిన రోజు

మూడు వారాల తర్వాత ప్రభాకర్ గారు ఒక్కరే వచ్చారు. నెమ్మదైన మనిషి, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవారు. ఆ రోజు కౌంటరు దగ్గర నిలబడి నా కళ్లలోకి చూశారు.

"మా ఆవిడ మీ దగ్గర ఏం కొందో మా ఆఫీసులో తెలిసిపోయిందండి. మూడు పుస్తకాలని లెక్కతో సహా తెలిసింది. నిన్న మా మేనేజరు పిలిచి, ఫ్యామిలీ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా వెళ్తోందట కదా అన్నాడు. ఇది ఈ షాపులోంచే వెళ్లింది."

"నేను ఎవ్వరికీ చెప్పలె సార్," అన్నాను.

"మరి ఎవరు చెప్పారండీ?"

నా చూపు మాజిద్ వైపు వెళ్లింది. అతను స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ప్రభాకర్ గారు కూడా అటు చూశారు. నోటితో అనక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే అబూ సాలెహ్ గదిలోకి వెళ్లాను. మాజిద్ షాపు విషయాలు బయటికి చేరవేస్తున్నాడనీ, ఎవరు ఏం కొంటున్నారో రాసి పెట్టుకుంటున్నాడనీ, ఇలా అయితే ఇండియన్ కుటుంబాలు మన గుమ్మం తొక్కవనీ చెప్పాను. అబూ సాలెహ్ మంచివాడే కానీ కోపం ముక్కు మీద ఉండే మనిషి. అందరి ముందూ మాజిద్‌ను పిలిచి నోటుపుస్తకం ఇవ్వమన్నాడు. ఆ కుర్రవాడు మొదట ఇవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి కౌంటరు మీద పెట్టాడు.

అబూ సాలెహ్ పైకి చదవడం మొదలుపెట్టాడు. నాకు అరబ్బీ చదవడం అంతంతమాత్రమే కానీ వింటే అర్థమవుతుంది.

"ఇండియన్ తల్లి వస్తే పిల్లవాడి వయసు అడగడు, ఏ క్లాసు అని అడుగుతాడు. ముసలాయనకు ముందు కుర్చీ, తర్వాత పుస్తకం. టీచరుకు రెండే చూపిస్తాడు, అయిదు చూపిస్తే కొనరు. పుస్తకం చేతికిచ్చాక ఒక నిమిషం మాట్లాడడు."

పేజీలు తిప్పాడు. అన్నీ అవే. నేను చేసే పనులు. నేను చేస్తున్నానని నాకే తెలియనివి కూడా ఉన్నాయి. ఎవరి పేరూ లేదు, ఎవరు ఏం కొన్నారన్న లెక్కా లేదు.

అయినా నేను ఊరుకున్నానా? "చూశారా, నా పని దొంగిలిస్తున్నాడు," అన్నాను.

"దొంగతనం కాదు. నేర్చుకోమని నేనే చెప్పాను," అన్నాడు అబూ సాలెహ్. "రేపో మాపో పుస్తకాల షాపుల్లో అమ్మేవాళ్లందరూ సౌదీలే ఉండాలంటారు. అప్పుడు నా షాపు ఎవరు నడపాలి?"

అంటే నా అనుమానం సగం నిజమే. నా చోటు కోసమే అతన్ని తెచ్చారు. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ మంటలో, మిగతా సగం తప్పని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు. "మరి ఆ మాట ఎట్ల బయటికి పోయింది?" అని మళ్లీ పట్టుకున్నాను. విసుగొచ్చిన అబూ సాలెహ్, గొడవ సద్దుమణిగేదాకా మాజిద్‌ను దమ్మామ్ గోడౌన్‌లో కూర్చోమన్నాడు. మాజిద్ నోటుపుస్తకం తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

చెప్పింది ఎవరు

వారం తిరక్కుండానే ప్రభాకర్ గారి ఆఫీసులోనే పనిచేసే ఇంకో తెలుగు ఇంజినీరు షాపుకు వచ్చాడు. నవ్వుతూ అన్నాడు, "మీ దగ్గర కబుర్లు భలే పక్కాగా ఉంటాయండీ. మీరు ఆ రోజు చెప్పగానే ప్రభాకర్ వాళ్లే అని నాకు అర్థమైపోయింది. లంచ్‌లో అందరి ముందూ అడిగేశా. మొహం మాడిపోయిందనుకోండి. మీ పేరు మాత్రం బయటపెట్టలేదు లెండి."

"నేను చెప్పిన్నా?"

"అదేనండీ, ఏం బాగా అమ్ముడవుతున్నాయని అడిగితే, తెలుగు దిద్దుడు పుస్తకాలు నిలవట్లేదు, మొన్ననే మీ కంపెనీ వాళ్లావిడ మూడు తీసుకెళ్లింది అన్లేదూ? మా దాంట్లో పిల్లలున్న తెలుగువాళ్లు ఇంకెవరున్నారు?"

అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కౌంటరు మీద చెయ్యి వేసి ఊరికే అడిగాడు. ఊరి గుట్టు నా అరల్లోంచి చదువుతానన్న గొప్ప చూపించుకోవడానికి నేను చెప్పాను. పేరు చెప్పలేదు కాబట్టి చెప్పనట్టే అనుకున్నాను. మూడు వేళ్లు కూడా చూపించాను.

ఆయన వెళ్లాక చాలాసేపు అరలు తుడుస్తూ ఉండిపోయాను. తుడిచిందే తుడిచాను. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. మాజిద్ గోడౌన్‌లోనే ఉండిపోతాడు, నా చోటు నాకుంటుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు ఆ ఆలోచనతోనే గడిపాను.

మూడో రోజు దమ్మామ్ వెళ్లాను. గోడౌన్‌లో అట్టపెట్టెల మధ్య మాజిద్ బిల్లులు చూస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"తప్పు నాది. చెప్పింది నేనే," అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో.

"తెలుసు," అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"ఆ రోజు నుంచే. మీరు మీ భాషలో మాట్లాడారు. కానీ కంపెనీ పేరు అర్థమైంది. ఆ అరవైపు చూపించి, మూడు వేళ్లు చూపించారు."

"మరి అబూ సాలెహ్‌తో ఎందుకు చెప్పలేదు?"

అతను బిల్లు కింద పెట్టాడు. "చెప్తే నమ్మేవాడా? ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి మాటా, మొన్న వచ్చిన నా మాటా? పైగా అది కూడా రాసుకున్నానని మీరే అనేవారు."

అక్కడి నుంచి తిన్నగా అబూ సాలెహ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడెందుకు చెప్తున్నావు? దీని వెనక ఏముంది?" అన్నాడు. ఏమీ లేదంటే నమ్మినట్టు కనబడలేదు. కానీ మర్నాడు మాజిద్‌ను వెనక్కి పిలిపించాడు.

ప్రభాకర్ గారి దగ్గరికి వెళ్లడం అంతకంటే కష్టమైంది. అప్పటికి సుజాత గారు, పిల్లలు వెళ్లిపోయారు. ఫ్లాటులో అట్టపెట్టెలు, ఒక పరుపు, ఒక కుర్చీ. ఆయన పేరు తీసివేతల్లో వచ్చేసింది. నేను చెప్పిందంతా ఆయన కుర్చీలో కూర్చుని విన్నారు. నేను నిలబడే ఉన్నాను.

"నా పేరు ముందే ఉందో, మీ మాట వల్ల ఎక్కిందో నాకెలా తెలుస్తుందండీ? ఎవర్నడగను?" అన్నారు. "మా ఆవిడ మిమ్మల్ని అన్నయ్య అని పిలిచేది. మాట మీ నోట్లోంచే వెళ్లిందని ఆవిడకి చెప్పను లెండి."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

చివరి ఏడాది

మాజిద్ తిరిగి వచ్చాక చాలా రోజులు నాతో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడలేదు. నేనే మొదలుపెట్టాను. ఏ పుస్తకం ఎక్కడ నుంచి వస్తుందో, ఏ పంపిణీదారు మాట మీద నిలబడతాడో, ఎవడు పాత అచ్చుకు కొత్త అట్ట వేసి పంపుతాడో, స్కూళ్ల ఆర్డరు అసలు ఎప్పుడు పెట్టాలో అన్నీ చెప్పాను. అతను వింటూ, నేను చెప్పిన ప్రతిదాన్నీ ఫోనులో ఇంకొకరిని అడిగి సరిచూసుకునేవాడు. నా ఎదుటే. ఒకసారి తప్పు తేదీ చెప్పినవాణ్ణి కనుక ఏమీ అనలేకపోయాను.

ఒకటి మాత్రం అతనికి నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒకరోజు స్కూలు టీచరొకావిడ వచ్చి, ఫలానా ఇంటివాళ్లు ఈమధ్య ఏం కొన్నారని మామూలుగా అడిగింది. మాజిద్ నవ్వి, "మాకు గుర్తుండదు మేడమ్," అన్నాడు. అంత చిన్న మాట నాకు ఇరవై ఏళ్లలో రాలేదు.

చివరికి అబూ సాలెహ్ అన్నట్టే నిబంధన వచ్చింది. షాపులో అమ్మే పని నేను చేయకూడదు. కాగితం మీద లోడింగ్ పనివాడిగా మార్చి వెనక గదిలో ఉంచుతానన్నాడు ఆయన. కొన్ని నెలలు ఉన్నాను. పాత కొనుగోలుదారులు నా గొంతు విని లోపలికి తొంగిచూసి పలకరించేవాళ్లు. తనిఖీకి ఎవరైనా వస్తారేమోనని నేను చేత్తోనే వెళ్లమని సైగ చేసేవాణ్ణి. మనుషులను చూసి దాక్కునే ఆ బతుకు ఎక్కువ రోజులు భరించలేకపోయాను. ఎగ్జిట్ కొట్టించుకున్నాను.

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు మాజిదే కారులో దింపాడు. దారంతా స్కూళ్ల ఆర్డరు గురించే మాట్లాడుకున్నాం. పెట్టెలు దించాక ఇద్దరం కాసేపు ఎండలో నిలబడ్డాం.

"ఇప్పటికీ నా మీద అనుమానం ఉందా?" అని అడిగాడు.

లేదని చెప్పడం తేలికే. అది మర్యాద కూడా. కానీ ఆ కుర్రవాడితో ఇంకో అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కొంచెం ఉంది," అన్నాను.

మాజిద్ పెద్దగా నవ్వాడు. నేను అతన్ని అలా నవ్వగా చూడడం అదే మొదటిసారి.

"నాకూ ఉంది," అని, పెద్ద పెట్టె తనే ఎత్తి ట్రాలీలో పెట్టాడు.